గడినుడి ఆధారాల పోటీ: అందరూ అడిగేవి, కొందరు తిట్టుకుంటూ అడిగేవి

వైజాగ్‌లో మేం కొంతమందిమి నెలకోసారి ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో కూర్చుని ఆడుకునే ఆట ఇది. గడినుడి అంటే క్రాస్‌వర్డ్, ఆధారం అంటే అందులో జవాబు పట్టించే క్లూ. మొదట్లో అయిదుగురం, ఇప్పుడు మెట్ల మీద చోటు సరిపోవట్లేదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది, అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నా.

అసలు పోటీ ఏంటండీ? గడులు నింపాలా?

నింపక్కర్లేదు. నెలకి ఒక పదం ఇస్తాం. ఆ పదం జవాబుగా వచ్చేలా మీరు ఒక ఆధారం రాసి పంపాలి, అంతే. అందరిదీ ఒకటే పదం కాబట్టి ఎవరి బుర్ర ఎటు తిరిగిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, అసలు మజా అక్కడే.

ఈ ఐడియా మీదేనా?

అబ్బే, కాదు. లండన్ 'అబ్జర్వర్' పత్రికలో అజెడ్ అనే కలంపేరుతో ఒకాయన 1972 నుంచి ఇదే పని చేశారు, నెలకో పదం ఇచ్చి దానికి ఆధారం రాసి పంపమనేవారు. ఆయనకి ముందు అదే పత్రికలో జిమెనీజ్ అనే ఆయన ఉండేవారు, ఆధారం ఎలా ఉంటే న్యాయమో ఎలా ఉంటే అన్యాయమో వివరిస్తూ 1966లో ఏకంగా పుస్తకమే రాశారు.

తెలుగు సంగతికొస్తే మనం సిగ్గుపడక్కర్లేదు. పదబంధ ప్రహేళికలు (అవీ క్రాస్‌వర్డులే) కూర్చిన శ్రీశ్రీ 1910లో, గడినుడి కూర్చిన ఆరుద్ర 1925లో పుట్టింది ఈ ఊళ్ళోనే. మేం ఆడుతున్నది వాళ్ళ పెరట్లో అని మాకు కొంచెం పొగరు కూడా ఉంది.

మామూలు ఆధారానికీ మీరడిగే దానికీ తేడా ఏంటి?

మామూలు ఆధారం క్విజ్ ప్రశ్న లాంటిది. 'చేపలు పట్టే సాధనం (2)' అంటే వల, బ్రాకెట్లో అంకె జవాబుకి ఎన్ని గడులో చెప్తుంది. తెలిస్తే రాస్తారు, అయిపోయింది. అదే వల కోసం మాకొకావిడ పంపిన ఆధారం చూడండి:

జాలరి చేతిలో తల చిరిగిన నవల (2)

చదవగానే ఏం కనిపిస్తుంది? ఫిషింగ్ హార్బర్లో ఎవరో జాలరి మొదటి పేజీలు ఊడిపోయిన పాత నవల చదువుకుంటూ కూర్చున్నట్టుంటుంది. ఆ బొమ్మ ఉత్తదే. 'నవల' తల, అంటే మొదటి అక్షరం 'న' పోతే 'వల'. జాలరి చేతిలో ఉండేది అదే. ఆధారంలో రెండు భాగాలు ఉండాలి, ఒకటి అర్థం, రెండోది అక్షరాలతో ఆడిన ఆట, రెండూ కలిపి చదివితే మూడో కథేదో వినిపించాలి. చదివేవాడు ఆ మూడో కథలో పడి కొట్టుకుపోవాలి.

అర్థం మొదట్లోనో చివర్లోనో ఉండాలి, మధ్యలో ఇరికించకండి. మూడో రకం పదం, అంటే అటు అర్థానికీ ఇటు ఆటకీ పనికిరాని పదం ఒక్కటి కూడా ఉండకూడదు.

అక్షరాలు ఎలా లెక్కపెట్టాలి?

గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ దాంతోపాటే అదే గడిలో. స్త్రీ ఒక గడి. సముద్రం మూడు గడులు: స, ము, ద్రం. పొల్లు విడిగా పలికితే దానికి వేరే గడి, బస్ అంటే రెండు. కి వేరు, కీ వేరు.

ఈ చివరి ముక్క నేను దెబ్బ తిని నేర్చుకున్నా. పోటీ పెట్టిన కొత్తలో నేనే ఒక ఆధారం రాసి మురిసిపోయా: 'అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకేలా ఉండేది, గాలొస్తుంది (3)'. జవాబు కిటికీ. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత బాగా కుదిరిందని. పొద్దున్న అందరికీ చదివి వినిపిస్తే ఒక కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మెల్లగా 'సార్, వెనక నుంచి చదివితే కీటికి వస్తుంది కదా' అన్నాడు. కి, టి, కీ. చివర దీర్ఘం. అంతమందిలో నాకు ఎక్కడ దాక్కోవాలో తెలీలేదు. అప్పట్నుంచి ఏది రాసినా ముందు ఒక్కో అక్షరం విడివిడిగా గడుల్లో పెట్టి చూస్తా, మీరూ అదే చెయ్యండి. వికటకవి, నటన, జలజ అలాంటివి నిజంగా అటూఇటూ ఒకటే, కిటికీ మటుకు కాదు.

ఇంగ్లీషు క్రిప్టిక్ (ఇలా మెలిక పెట్టిన ఆధారాల క్రాస్‌వర్డ్) బాగా చేస్తాను. ఆ కిటుకులన్నీ తెలుగులో దించేయొచ్చా?

ఇంగ్లీషులో చెయ్యి తిరిగినవాళ్ళే మా దగ్గర ఎక్కువ తప్పులు చేస్తారు, దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంగ్లీషులో అక్షరాలు 26. ఏ పదాన్ని కలిపి కుదిపినా ఇంకో పదం రాలుతుంది. మనకి గుణింతాలూ ఒత్తులూ వేసుకుంటే ఎన్ని రకాల గడులో లెక్కే లేదు, పైగా మన పదాలు మూడు నాలుగు గడుల్లోనే అయిపోతాయి. అందుకని పెద్ద పదాన్ని కలగాపులగం చేసి ఇంకో పెద్ద పదం తీయడం మనకి పెద్దగా కుదరదు. చిన్నవి దొరుకుతాయి. నవల అనే పదాన్నే చెదరగొడితే 'వలన' వస్తుంది: 'నవలలో గందరగోళం కారణంగా (3)'. ఇలాంటివి కనపడితే వదలకండి, కానీ దానికోసం నెలంతా వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇంకోటి, వినడానికి ఒకేలా ఉండి స్పెల్లింగ్ వేరయ్యే పదాలతో ఇంగ్లీషు వాళ్ళు తెగ ఆడతారు. మనం పలికినట్టే రాస్తాం కాబట్టి ఆ సరుకు మన కొట్లో దాదాపు లేదు.

అయితే వాళ్ళకి లేనివి మనకి బోలెడు. పెద్దక్షరం గొడవ లేదు. స్వాతి అంటే అమ్మాయి, నక్షత్రం, వాన చినుకు, రాతలో తేడాయే లేదు. అందుకే 'స్వాతికీ అనూరాధకీ మధ్య మన ఊరు (3)' అని రాస్తే ఇద్దరమ్మాయిల మధ్య గొడవలా వినిపిస్తుంది, జవాబు చూస్తే నక్షత్రాల వరసలో పదహారోది విశాఖ. సంధి ఉంది, సమాసం ఉంది, విభక్తులున్నాయి. అన్నిటికన్నా మన జాతీయాలు. 'అటునుంచి నరుక్కు రా' అన్నాడంటే పదాన్ని వెనక నుంచి చదవమని. 'తోక ముడిచింది' అంటే చివరక్షరం పోయింది. 'కడుపులో పెట్టుకుంది' అంటే ఒక పదం మధ్యలో ఇంకోటి దూరింది. 'గుండె జారింది' అంటే నడిమి అక్షరం మాయం, గుండె జారిన నగరం ఒళ్ళంతా ఉంటుంది (2) అన్నాడు ఒకడు, 'గ' తీసేస్తే నరం. ఇవన్నీ మనం రోజూ నోటితో వాడేవే, ఇంగ్లీషు నుంచి 'విలోమము చేయబడిన' లాంటివి తర్జుమా చేసుకుని తెచ్చుకోవాల్సిన ఖర్మ లేదు.

ఒక్క అక్షరం కావాలంటే ఎక్కణ్ణుంచి తేవాలి?

సంగీతం దగ్గరికి వెళ్ళండి. షడ్జమం అంటే స, రిషభం రి, గాంధారం గ, మధ్యమం మ, పంచమం ప, నిషాదం ని. తర్వాత 'ఓ', 'ఈ', 'ఆ', 'రా', 'పో', 'నా', 'మీ' ఇవన్నీ ఒంటక్షరం మాటలే. శ్రీ అంటే లక్ష్మి, గో అంటే ఆవు, ఖ అంటే ఆకాశం. ఏకాక్షర నిఘంటువులో ఇంకా చాలా ఉంటాయి కానీ అందులో మరీ లోపలికెళ్ళి ఎవరికీ తెలీని అర్థం పట్టుకొస్తే సున్నా మార్కులు, ముందే చెప్తున్నా.

ఒక ఆధారం మొదట్నుంచి చివరిదాకా ఎలా పుడుతుందో చూపిస్తారా?

గాజువాక. గా, జు, వా, క. ఒకసారి కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కా, కండక్టర్ 'గాజువాక గాజువాక' అని అరుస్తుంటే చెవిలో అది రెండు ముక్కలైపోయింది, గాజు, వాక. వాక అంటే ఏరు. టిక్కెట్టు వెనకే రాసుకున్నా.

మొదటిది: 'అద్దం, ఏరు కలిస్తే ఒక ఊరు'. తప్పు లేదు, ప్రాణమూ లేదు. పైగా 'ఒక ఊరు' అంటే ఏ ఊరు? లక్ష ఊళ్ళున్నాయి.

రెండోది ఎన్ఏడీ జంక్షన్ దాటాక వచ్చింది: 'చేతికి తొడిగింది ఏట్లో పారేసుకుంటే స్టీల్ ప్లాంటు పక్కన దొరికింది'. చూశారా, ఇప్పుడు కథ వచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చదివితే, 'ఏట్లో పడేస్తే గాజు వాక మధ్యలో కదా ఉండాలి, మీరు ముందు పెట్టారేంటి' అంది. నిజమే. 'ఏట్లో' అన్నానంటే లోపల ఉండాలి. అక్షరాలు చెప్పే వరస ఒకటి, నేను చెప్పిన వరస ఒకటి.

మూడోది: 'చేతికున్నది ఏటి ముందు పెడితే స్టీల్ ప్లాంటు పక్కన తేలింది (4)'. గాజు, వాకకి ముందు. అక్కడికి మా ఆవిడ కూడా ఊరుకుంది. బస్సులో మొదలై రాత్రి పడుకోబోయే ముందు అయింది, ఇంత టైం పట్టడం మామూలే.

రుషికొండ కూడా అలాగే రుషి, కొండ అని విడగొట్టి రాశాను. ఎందుకు మార్కులు రాలేదు?

ఎందుకంటే ఆ పదానికి అక్కడ ఆల్రెడీ కీలు ఉంది. రుషి పేరుమీద కొండని మీరు 'మునీ, గుట్టా' అన్నారు, చదివేవాడికి తప్పుదారి ఎక్కడుంది? పదాన్ని దాని కీలు దగ్గర కాకుండా ఇంకోచోట విరవాలి, లేదా అక్కడే విరిచినా అర్థం తిప్పెయ్యాలి.

రెండోదానికి ఉదాహరణ సింహాచలం. సింహ, అచలం. అక్కడ అచలం అంటే కొండ, అందరికీ తెలిసిందే. కానీ అచలం అంటే కదలనిది అని కూడా. ఒకాయన ముందు 'అప్పన్న ఇంట కదలని మృగరాజు' అని పంపారు. వినడానికి భలే ఉంది, కానీ కదలనిది ముందొచ్చి మృగరాజు తర్వాతొచ్చింది, అలా పేరిస్తే సింహాచలం రాదు. పైగా హ, అ కలిసి హా అయిన సంగతి ఎక్కడా చెప్పలేదు. తిప్పి పంపితే వారానికి ఇది వచ్చింది:

మృగరాజుకీ కదలనిదానికీ సంధి కుదిరితే అప్పన్న కొలువు (4)

సంధి అన్న ఒక్క మాటతో వ్యాకరణం చెప్పేశాడు, పైకేమో రాజుల కాలపు రాజీలా ఉంది. ఆ నెల బహుమతి, మాడుగుల హల్వా డబ్బా, ఆయనదే.

'లో' పెట్టేటప్పుడు ఏవైనా జాగ్రత్తలు?

ఉన్నాయి. ఏరు అనే అక్షరాలు కావాలని 'ఏట్లో' అని రాస్తే అక్కడ 'రు' లేదు. ఇల్లు, ఇంట్లో అవుతుంది. ఊరు, ఊళ్ళో. విభక్తి తగలగానే పదం వేషం మార్చేస్తుంది, అప్పుడు చదివేవాడికి మీరిచ్చిన సరుకే మారిపోయినట్టు. అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవాలంటే సున్నాతో అయ్యేవి, అకారంతో అయ్యేవి హాయి: సారంలో, నవలలో, పలకలో. అర్థం మాత్రమే తీసుకుంటున్నప్పుడు ఈ గొడవ లేదు, గాజువాకలో 'ఏటి' అన్నా చెల్లింది అందుకే.

మార్కులు ఎలా వేస్తారు? నిజంగా పేర్లు తీసేసి చూస్తారా?

తీసేసే చూస్తాం. ఇద్దరం చూస్తాం, తేడా వస్తే మూడో మనిషిని అడుగుతాం. లెక్క సరిగ్గా ఉందా, అర్థం అతుకుతుందా, పైకి చదివితే మామూలు తెలుగు వాక్యంలా ఉందా, చివర్లో నవ్వొచ్చిందా. అర్థానికి ఒక పరీక్ష ఉంది, ఏదైనా వాక్యంలో ఆ మాట తీసి జవాబు పెట్టి చూడండి. 'వాన కారణంగా ఆగింది', 'వాన వలన ఆగింది', సరిపోయింది. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం నిఘంటువులు దగ్గర పెట్టుకుంటాం, ఆంధ్రభారతి సైట్లో వెతుకుతాం.

ఒక నెల పదం 'సాగరం'. దానికొచ్చినవి కొన్ని చెప్తే మీకే అర్థమవుతుంది.

'ఉప్పు నీళ్ళు ఎక్కువగా ఉండే చోటు'. ఇది క్విజ్.

'రోజుకి రెండు పోట్లు పడినా నెత్తురు రాదు'. ఈ తీరంలో పోటు రోజుకి రెండుసార్లే, కత్తిపోటులా భలే మలిచాడు. మాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ అక్షరాల ఆట లేదు, సాగరం మూడు గడులు, సముద్రం కూడా మూడు గడులు, రెండూ సరిపోతాయి. మొత్తం గడినుడిలో అయితే పక్క పదాలు ఆదుకునేవి, ఒంటరి ఆధారానికి ఆ దిక్కు లేదు. మనసొప్పక మూడో బహుమతి ఇచ్చాం.

'సాగు రంగంలో దాక్కున్న కడలి'. నా గుండె ఒక్క క్షణం ఆగింది, ఎంత సాఫీగా ఉందో. తర్వాత చూస్తే సా, గు, రం. ఒక్క కొమ్ముతో మునిగింది. పంపినావిడకి ఫోన్ చేసి చెప్తే 'ఓలమ్మో, నిజమే కదేటి' అని ఆవిడే నవ్వేసింది.

'సారంలో గాంధారం పలికితే కడలి'. సారం మధ్యలో గ. శుభ్రంగా ఉంది, రెండో బహుమతి.

మొదటిది ఇది: 'రంగసాధనలో కొందరు వెనక్కి తిరిగితే కడలి (3)'. రంగసాధనలో కొంత, రం, గ, సా, దాన్ని వెనక్కి తిప్పితే సాగరం. పైకేమో బీచ్‌లో నాటకం రిహార్సల్ చేస్తున్నవాళ్ళు తల తిప్పితే సముద్రం కనపడినట్టు. ఇందులో తీసేయడానికి ఒక్క మాట లేదు, నేను రెండ్రోజులు వెతికా.

తుపాను పేరు పెట్టి అక్షరాలు చెదరగొట్టొచ్చా?

ఒకాయన 'హుద్‌హుద్ పాలైన నవల' అని పంపాడు, అక్షరాలు చెల్లాచెదురయ్యాయని చెప్పడానికి. వేరే ఊరైతే ఒప్పుకునేవాళ్ళం కాదు. 2014 అక్టోబర్ 12 ఇక్కడ గడిపినవాళ్ళకి ఆ మాటకి ఇంకే వివరణా అక్కర్లేదు. ఒప్పుకున్నాం.

ఒకే మాటలో ఆటా అర్థమూ రెండూ ఇమిడిపోవచ్చా?

కుదిరితే అంతకన్నా ఏం కావాలి. 'తలకిందులైన తీగ (నిలువు, 2)'. తల అనే మాటే కిందులైతే లత. ఇది చాలామందికి తట్టే ఉంటుంది, కొత్తదని చెప్పట్లేదు, కానీ 'తలకిందులు' అనే మాటని రెండుగా చూడటం నేర్పడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. 'పలక తిప్పితే వెనకంతా చెక్కే (3)' అని ఇంకోటి, ప, ల, క తిప్పితే కలప.

'కవి చేతిలో కల ముక్క (3)' అని పంపాను, కలము. ఏం తప్పుంది?

'కల ముక్క'లో కలము ఉంది, మాకూ కనిపించింది, బాగుంది. కానీ దాంట్లో వెతకమని ఎక్కడ చెప్పారు? 'కల ముక్కలో కొంత కవి చేతిలో' అంటే సరిపోయేది. చదివేవాణ్ణి ఎంతైనా మోసం చెయ్యండి, కానీ చెప్పాల్సింది మాత్రం చెప్పి తీరాలి.

చాట్‌బాట్‌తో రాయించి పంపొచ్చా?

పంపారు కొందరు. గడులు లెక్కపెట్టేటప్పుడే దొరికిపోయారు.

దీనివల్ల ఉపయోగం ఏంటండీ?

1942 జనవరిలో లండన్ 'డైలీ టెలిగ్రాఫ్' వాళ్ళు 12 నిమిషాల్లో క్రాస్‌వర్డ్ పూర్తిచేసే పోటీ పెడితే, పాల్గొన్నవాళ్ళలో కొందరికి ప్రభుత్వం నుంచి ఉత్తరాలొచ్చాయి, బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్య సంకేతాలు విప్పే పనికి. మాకింకా ఎవరూ ఉత్తరం రాయలేదు. ప్రస్తుతానికి మురీ మిక్చర్ పొట్లం కట్టిన కాగితంలో పాత గడినుడి కనిపిస్తే మిక్చర్ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటున్నాం, అంతవరకే ఉపయోగం.

ఒకరు ఎన్ని పంపొచ్చు?

రెండు. మూడోది పంపితే మూడూ తీసేస్తాం. ఆధారం కింద వివరణ తప్పకుండా రాయండి, మీ మనసులో ఏముందో మేం ఊహించలేం.

ఈ నెల పదం ఏంటి?

ఉప్పెన. ఉ, ప్పె, న, మూడు గడులు. ఉప్పునీ పెన్నునీ కలిపేద్దామని ఇప్పటికే పెన్ను తీసినవాళ్ళకి, అందులో 'పె' లేదు, 'ప్పె' ఉంది.